ఇల్లు వాళ్లదే, తాళంచెవి మాత్రం మీది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. హైదరాబాద్ కొత్తపేటలో రెండో అంతస్తు పోర్షన్, కింద ఓనర్ దంపతులు. మీ ఆయనా మీరూ పొద్దున ఎనిమిదిన్నరకు వెళ్తే రాత్రి ఏడు దాటాకే ఇంటికి చేరేది. ఒకరోజు వచ్చేసరికి బాల్కనీలో ఆరేసిన బట్టలు మడతపెట్టి సోఫా మీద ఉన్నాయి. ఇంకోసారి ఊరెళ్లి వచ్చేసరికి ఫ్రిజ్ ప్లగ్గు పీకేసి ఉంది, లోపల పాలూ దోసెల పిండీ పాడైపోయాయి. అడిగితే "మీరు లేరు కదమ్మా, కరెంటు దండగని తీశాను" అన్నారు ఆంటీ. మొన్న శనివారం ఒంట్లో బాగోలేక మధ్యాహ్నమే తిరిగొస్తే మీ పడగ్గదిలో, బీరువా ముందు, ఎవరో భార్యాభర్తలు నిలబడి ఉన్నారు. ఇల్లు చూడ్డానికి వచ్చారట. అగ్రిమెంటు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది, ఓనర్ లోపలికి రావడం గురించి అందులో ఒక్క ముక్కా లేదు. చెప్పకుండా రావచ్చా, తాళం మార్చుకోవచ్చా, గట్టిగా అడిగితే ఖాళీ చేయిస్తారా, అడ్వాన్సు పోతుందా అన్నవి మీ ప్రశ్నలు.

నేను సివిల్ లాయరుని. ఇరవై రెండేళ్లుగా ఓనర్ల తరఫునా నిలబడ్డాను, కిరాయిదార్ల తరఫునా నిలబడ్డాను. విద్యానగర్‌లో, మలక్‌పేటలో కలిపి పద్నాలుగేళ్లు కిరాయి ఇళ్లలోనే ఉన్నాం. ఇప్పుడు నాచారంలో నాకూ రెండు పోర్షన్లున్నాయి. అందుకని మీ కోపమూ తెలుసు, ఆంటీ మనసూ కొంత తెలుసు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మీరు లేనప్పుడు, మీకు చెప్పకుండా లోపలికి రావడానికి ఆవిడకు హక్కు లేదు. తాళం మార్చుకోవచ్చు, కానీ దానికో పద్ధతుంది. అడిగినందుకు రాత్రికి రాత్రి ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు. అడ్వాన్సు విషయంలో మాత్రం మీరే చేతులారా చేసుకునే తప్పొకటుంది, అక్కడికి వస్తాను.

మన దగ్గర ఓనర్లందరి నోటా వినబడే మాట "మా ఇల్లే కదా". అబద్ధమేమీ కాదు. అయితే ఇల్లు కిరాయికిచ్చినప్పుడు వాళ్లు చేసిందేమిటి? యాజమాన్యం తమ దగ్గర ఉంచుకుని, స్వాధీనాన్ని కొంతకాలానికి మీ చేతిలో పెట్టారు. నెలనెలా మీరు కడుతున్నది ఆ స్వాధీనానికే. కోర్టులో కిరాయి కేసుల్లో సగం ఈ రెండు మాటల మధ్య తేడా మీదే నడుస్తాయి. ఇంటి పన్ను రసీదు ఆవిడ పేరు మీద ఉంటుంది, కానీ ఆ తలుపు వెనకాల రోజూ బతికేది మీరు. తలుపు ఎవరి కోసం ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పాల్సిందీ మీరే.

ఇది నా సొంత కవిత్వం కాదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షన్ ఉంది. ఓనర్, కిరాయిదారు ఒకరికొకరు ఏం బాకీ ఉంటారో చెప్పే సెక్షన్ అది. బ్రిటిష్ వాళ్ల కాలం నాటిదే అయినా ఇవాళ్టికీ మీ పోర్షన్‌కి ఆధారం అదే. అందులో (సి) క్లాజు ప్రకారం, కిరాయి కడుతూ ఒప్పుకున్న షరతులు పాటించినంత కాలం, గడువు తీరేదాకా ఏ ఆటంకమూ లేకుండా మీరు ఇంటిని అనుభవించవచ్చని ఓనర్ మీకు మాటిచ్చినట్టే లెక్క. అగ్రిమెంటులో రాయకపోయినా రాసినట్టే.

ఓనర్ రాకపోకల గురించి చెప్పేది (ఎం) క్లాజు. కిరాయిదారు ఇంటిని మంచి స్థితిలో ఉంచాలి, గడువులో సమంజసమైన వేళల్లో ఓనర్‌నీ ఆయన తరఫు మనుషులనీ లోపలికి రానిచ్చి ఇంటి స్థితిని చూడనివ్వాలి, లోపాలుంటే వాళ్లు చెప్పే నోటీసు తీసుకోవాలి. ఆ పాడు మీ వల్ల జరిగిందే అయితే నోటీసు అందాక మూడు నెలల్లో బాగుచేయించాలి. మొత్తం చట్టంలో ఓనర్ ప్రవేశం గురించి ఉన్నది దాదాపు ఇంతే.

ఈ క్లాజుని నెమ్మదిగా చదవండి, ఎందుకంటే రేపు ఆంటీ తరఫున ఎవరైనా లాయరు మాట్లాడితే దీన్నే చూపిస్తాడు. కిరాయిదారు "రానివ్వాలి" అంటుంది చట్టం. ఓనర్ "వచ్చేయవచ్చు" అనదు. రానివ్వడానికి మీరు ఉండాలి, లేదా మీకు తెలిసి ఉండాలి. రెండోది, వచ్చేది దేనికి? ఇంటి స్థితి చూడటానికి. గోడ చెమ్మ పట్టిందా, బాత్రూం కింద లీకవుతోందా, కిటికీ రెక్క విరిగిందా అన్నవి ఇంటి స్థితి. మీ ఫ్రిజ్‌లో ఏముంది, నిన్న మీ ఇంటికి ఎవరొచ్చారు, వంటింట్లో కోడిగుడ్డు డొప్పలున్నాయా అన్నవి కావు. మూడోది, సమంజసమైన వేళ ఏదన్నది గంటల లెక్కన చట్టం చెప్పలేదు. చెప్పకపోవడమే దాని లోపం. గొడవ కోర్టుకి చేరితే జడ్జి ఆయా పరిస్థితులను బట్టి తేలుస్తారు. అయితే ఉద్యోగానికి వెళ్లిన మనుషుల ఇంటిని మధ్యాహ్నం మారు తాళంచెవితో తెరవడం సమంజసమని వాదించి గెలవడం కష్టం.

"ఆయన తరఫు మనుషులు" అన్న మాట కూడా మన ఊళ్లో చిన్నది కాదు. కొన్ని ఇళ్లకు ఓనర్ డాలస్‌లో ఉంటాడు. ఇల్లు చూసుకునేది బావమరిది. బావమరిది దగ్గరో తాళంచెవి, వాచ్‌మన్ దగ్గరో తాళంచెవి, పాత బ్రోకర్ దగ్గర ఇంకోటి. ఓనర్‌కి ఎంత హక్కుందో ఆయన మనుషులకూ అంతే. ఆయనకు లేనిది వాళ్లకు ఎక్కడి నుంచి వస్తుంది? ఇల్లు తీసుకునేటప్పుడు "మొత్తం ఎన్ని తాళంచెవులున్నాయి, ఎవరెవరి దగ్గర?" అని అడిగి అగ్రిమెంటులో అంకె వేయించమని నా దగ్గరికొచ్చే ప్రతివాళ్లకీ చెబుతాను. వందలో ఒకరు కూడా అడగరు, మొహమాటం.

ఇంకో మాట. 108వ సెక్షన్ మొదట్లోనే, వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేకపోతేనే ఇవన్నీ వర్తిస్తాయని ఉంది. అంటే అగ్రిమెంటులో "ఓనర్ ఎప్పుడైనా రావచ్చు" అని రాసి మీరు సంతకం పెట్టి ఉంటే మీ చేతులు చాలావరకు కట్టేసుకున్నట్టే. మీ దాంట్లో అది లేదు, మంచిది. "ఇక్కడ అందరూ ఇలాగే వస్తారమ్మా" అంటే అది స్థానిక ఆచారం అయిపోదు. ఆచారమని చెప్పేవాళ్లే దాన్ని సాక్ష్యంతో రుజువు చేయాలి.

వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజీ గురించి కూడా చెప్పాలి. "కొత్త చట్టం వచ్చింది, 24 గంటల ముందు నోటీసు ఇవ్వకుండా ఓనర్ అడుగు పెట్టకూడదు" అని. అది కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్. అందులో ఆ నిబంధన నిజంగానే ఉంది, ఫోన్ మెసేజీ ద్వారా ఇచ్చే నోటీసూ చెల్లుతుంది. ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని కూడా ఉంది. కానీ పేరులోనే చెబుతోంది కదా, అది నమూనా. దాన్ని చూసి ఏ రాష్ట్రానికారాష్ట్రం సొంతంగా చట్టం చేసుకోవాలి. తెలంగాణలో అలాంటి చట్టం రాలేదు. కాబట్టి ఆంటీకి ఆ మెసేజీ ఫార్వర్డ్ చేసి "ఇదిగో చట్టం" అనకండి, ఆవిడ కొడుకు నెట్‌లో చూసి తప్పని చెబితే మీ మిగతా మాటలకీ విలువ పోతుంది. ఆ 24 గంటల పద్ధతిని మీ అగ్రిమెంటులోకి తెచ్చుకోవడం మాత్రం మీ చేతిలో పని.

మరి మన రెంట్ కంట్రోల్ చట్టం ఏమైంది అంటారా? 1960 నాటిది ఉంది. కిరాయిదారు అనుభవిస్తున్న నీళ్లూ కరెంటూ లాంటి సౌకర్యాల జోలికి ఓనర్ పోకూడదని అందులో 14వ సెక్షన్ చెబుతుంది. కాకపోతే కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలకు ఆ చట్టం వర్తించదు. ఆ ధరకు ఇవాళ కొత్తపేటలో రూము కూడా దొరకదు. ప్రైవసీ ప్రాథమిక హక్కు కదా అని కూడా చాలామంది అడుగుతారు. అవును, 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఆ మాటే చెప్పింది. అయితే అది ప్రధానంగా ప్రభుత్వం మీద మీకున్న హక్కు. ఇంటి ఓనర్ దగ్గర పనికొచ్చేది అగ్రిమెంటు, ఆ 108వ సెక్షన్, అవసరమైతే సివిల్ కోర్టు.

పోలీసుల సంగతికొద్దాం. భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్ అక్రమ ప్రవేశం గురించి. దీనికి ముందున్న పాత శిక్షాస్మృతి ఐపీసీలో ఇదే 441 నుంచి ఉండేది. అందులో నాకు నచ్చే మాట, అది ఇంకొకరి "స్వాధీనంలో" ఉన్న చోటు అంటుంది, ఇంకొకరి "సొంతమైన" చోటు అనదు. అంటే కిరాయికిచ్చిన తన సొంత ఇంట్లోకే ఓనర్ అక్రమంగా ప్రవేశించినవాడు కాగలడు. ఇంట్లోకి చొరబడితే ఏడాది దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. కానీ ఊరికే రావడం చాలదు. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, విసిగించాలనో ఉద్దేశం ఉండాలి. బట్టలు మడతపెట్టిన ఆంటీకి ఆ ఉద్దేశం ఉందని ఏ ఎస్సైని నమ్మిస్తారు? "అమ్మా, ఇది సివిల్ మ్యాటర్" అని పంపిస్తారు, ఈ ఒక్క విషయంలో వాళ్లని తప్పుపట్టలేను. అదే ఆవిడకు మీరు రాతపూర్వకంగా వద్దని చెప్పాక కూడా వస్తే లెక్క మారుతుంది. అప్పుడు తెలియక వచ్చానని అనలేరు. ఆ రాత విలువ అందుకే.

కెమెరాల విషయం మాత్రం వేరు. "నేను సైతం" అంటూ పోలీసులు కాలనీల్లో సీసీ కెమెరాలు పెట్టించినప్పటి నుంచి గేటు దగ్గరా మెట్ల దగ్గరా కెమెరా మామూలైపోయింది, దానికి అభ్యంతరం చెప్పాల్సిన పనిలేదు. అదే కెమెరా మీ కిటికీలోకో, తలుపు తీస్తే హాల్లోకో చూస్తుంటే దిశ మార్చమని అడగండి. ఇంటి లోపల, ముఖ్యంగా పడగ్గదిలోనో బాత్రూంలోనో ఏదైనా కనబడితే దాన్ని ముట్టుకోకండి, ఓనర్‌తో పంచాయతీ పెట్టకండి, ఫోటో తీసి నేరుగా 112కి ఫోన్ చేయండి. స్త్రీని ఏకాంతంలో ఉండగా చూడటం, చిత్రీకరించడం న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్ల దాకా జైలు. అలాంటి చోట మహిళల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ కూడా సాయం చేస్తారు. మీ కేసు ఇది కాదు. ఇక్కడ ఒంటరిగా ఉండే అమ్మాయిలు కూడా చదువుతుంటారని రాశాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కింద సంక్రాంతికి నా పై పోర్షన్ వాళ్లు ఊరెళ్లారు. రెండో రోజు పొద్దున కింది పోర్షన్ ఆయన ఫోన్ చేసి, సీలింగ్ నుంచి నీళ్లు కారుతున్నాయి, టీవీ మీద పడుతున్నాయి అన్నాడు. పైవాళ్లకు ఆరుసార్లు ఫోన్ చేశాను, కలవలేదు. నా దగ్గరున్న మారు తాళంచెవితో తీసి ప్లంబర్‌తో కలిసి లోపలికెళ్లాం. సింకు కింద పైపు ఊడిపోయి వంటింట్లో చీలమండ దాకా నీళ్లు. వాల్వు కట్టేశాం. అక్కడిదాకా నాది తప్పు కాదు, ఇప్పుడైనా అదే చేస్తాను. ఆ తర్వాత, వచ్చాను కదా అని గదులన్నీ ఓసారి తిరిగొచ్చాను. వాళ్లు తిరిగొచ్చాక పైపు సంగతి చెప్పి, ఊరుకోకుండా "హాల్లో గోడకు అన్ని మేకులు కొట్టారేంటమ్మా?" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. రెండు నెలలకు ఖాళీ చేస్తామన్నారు. కారణం అడిగితే ఆయన వెళ్లేముందు రోజు చెప్పాడు: "హాల్లోకి ఎందుకెళ్లారు సార్, పైపు వంటింట్లో కదా?" లాయరుని, నోట మాట రాలేదు.

అందుకే నా దగ్గరికొచ్చే ఓనర్లకూ ఇదే చెబుతున్నాను. అత్యవసరమంటే గ్యాస్ వాసన, మంటలు, నీటి లీకు, లోపల ఎవరికైనా ప్రాణాపాయం. అలాంటప్పుడు అనుమతి కోసం ఆగనక్కర్లేదు. కానీ ఒక్కరే వెళ్లకండి, పక్కింటివాళ్లని పిలవండి. తలుపు తీసిన దగ్గర్నుంచి మళ్లీ వేసేదాకా ఫోన్‌లో వీడియో తీయండి, పని ఏ గదిలో ఉంటే ఆ గదికే వెళ్లి, బయటికి రాగానే వీడియో కిరాయిదారుకి పంపండి. ఫ్రిజ్ ప్లగ్గు అత్యవసరం కాదు.

ఇల్లు చూపించడం గురించి. ఇల్లు చూడటానికొచ్చే కొత్తవాళ్లని తీసుకురావడం (ఎం) క్లాజులో లేదు, అది స్థితి పరిశీలనకే పరిమితం. అలాగని రెండు నెలల్లో ఖాళీ చేసేవాళ్లు ఒక్కరినీ లోపలికి రానివ్వం అంటే అదీ మంచితనం కాదు. ఓనర్‌కి ఒక్క నెల ఇల్లు ఖాళీగా ఉన్నా నష్టమే, పైగా మీరూ ఇంకో ఇల్లు వెతుక్కుంటూ వేరేవాళ్ల పడగ్గదుల్లోకి తొంగిచూస్తూనే ఉంటారు కదా! నేనైతే వారానికి రెండు వేళలు ఇస్తాను: శనివారం సాయంత్రం ఐదు నుంచి ఏడు, ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు. ఆ వేళల్లో ఎందరైనా రావచ్చు, మేం ఉంటాం. మిగతా రోజుల్లో వద్దు. మా సామాన్లు కనబడేలా గదుల ఫోటోలు తీసి కిరాయి యాప్‌లో పెట్టొద్దు. చివరిది చిన్నదనిపిస్తుంది కానీ, ఒక జంట పెళ్లి ఫోటో గోడ మీద ఉండగా తీసిన చిత్రం టు-లెట్ ప్రకటనలో తిరుగుతూ వాళ్ల బంధువులకే చేరిన సంగతి నాకు తెలుసు.

ఒకవేళ మీరు అదే ఇంట్లో కొనసాగేట్టయితే, కొత్త అగ్రిమెంటులో ఈ షరతు పెట్టించండి. డాక్యుమెంట్ రైటర్ తన పాత నమూనాలో నుంచి చదివేస్తూ పోతాడు, మీరే కాగితం మీద రాసి తీసుకెళ్లండి: "మరమ్మతుల కొరకు గాని, ఇంటి స్థితి పరిశీలన కొరకు గాని, ఖాళీ చేయు గడువులో ఇతరులకు చూపుట కొరకు గాని, యజమాని లేక వారి తరఫు వ్యక్తి కనీసం 24 గంటల ముందు కిరాయిదారునకు రాతపూర్వకముగా లేక ఫోను సందేశము ద్వారా తెలిపి, ఉదయం 9 నుండి సాయంత్రం 7 గంటల లోపు, కిరాయిదారు లేక వారు సూచించిన వ్యక్తి సమక్షమున మాత్రమే ఇంటి లోనికి రావలెను. అగ్నిప్రమాదము, గ్యాసు లేక నీటి లీకు వంటి అత్యవసర పరిస్థితులకు ఇది వర్తించదు. అట్టి సందర్భమున ప్రవేశించిన వెంటనే కిరాయిదారునకు తెలుపవలెను." ఏ ఓనరూ దీనికి గట్టిగా వద్దనడం నేను చూడలేదు, అత్యవసరం వాక్యం చూశాక మెత్తబడతారు.

పీజీ హాస్టల్లో ఉండేవాళ్లు దీన్ని తమకు అన్వయించుకోవద్దు. మంచం కిరాయికి తీసుకున్నవాళ్లకు గది మీద పూర్తి స్వాధీనం సాధారణంగా ఉండదు, అది లైసెన్సు, అంటే ఉండటానికి ఇచ్చే ఉత్త అనుమతి కిందికి వస్తుంది.

భయాల సంగతి. "ఎక్కువ మాట్లాడితే ఖాళీ చేయండి" అనవచ్చు, అనడం వేరు చేయించడం వేరు. నెలవారీ కిరాయికి కూడా, వేరే ఒప్పందం లేకపోతే, 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు దాటినా మీరు కదలకపోతే ఓనర్ కోర్టుకెళ్లి డిక్రీ, అంటే ఖాళీ చేయమనే తీర్పు తెచ్చుకోవాలి తప్ప సామాను బయట పెట్టడం, తాళం మీద తాళం వేయడం కుదరదు. ఒకవేళ అలా చేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ ఉంది: చట్టప్రకారం కాకుండా వెళ్లగొట్టబడ్డవాళ్లు ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి తీసుకోవచ్చు, అప్పుడు ఇల్లెవరిదన్న ప్రశ్నకే కోర్టు వెళ్లదు. మోటారు వేయకపోవడం, సంపు నుంచి పైట్యాంకుకి నీళ్లు ఎక్కించకపోవడం లాంటి చిల్లర కక్షలు మొదలైతే తేదీలతో రాసిపెట్టుకోండి. ఇలా చేయొద్దని కోర్టు ఇచ్చే ఉత్తర్వు, అంటే ఇంజంక్షన్ అడిగేటప్పుడు అవన్నీ పనికొస్తాయి. కొత్తపేట రంగారెడ్డి జిల్లా కిందికి వస్తుంది కాబట్టి దావా ఎల్బీనగర్ కోర్టుల్లో. ఫీజుల గురించి బెంగపడకండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. అంతదాకా రాదనే నా అంచనా. ఇలాంటి వాటిలో పది గొడవలుంటే తొమ్మిది ఒక ఫోన్ మెసేజీతోనో, తప్పితే లాయరు నోటీసుతోనో ఆగిపోవడం చూశాను.

ఇక మీరు చేయగల తప్పు. కోపంలో చాలామంది కిరాయి ఆపేస్తారు, "అడ్వాన్సులో కోసుకోండి" అంటారు. హైదరాబాద్‌లో మామూలుగా రెండు నెలల అడ్వాన్సే కాబట్టి లెక్క సరిపోతుందనిపిస్తుంది. వద్దు. (సి) క్లాజు మీకిచ్చే రక్షణ మొత్తం "కిరాయి కడుతున్నంత కాలం" అన్న షరతు మీద నిలబడి ఉంది. కట్టడం ఆపిన రోజు నుంచి తప్పు మీ వైపుకు తిరుగుతుంది, ఆవిడ బట్టలు మడతపెట్టిన సంగతి ఎవరికీ గుర్తుండదు. ప్రతి నెలా ఫోన్‌పేలోనో బ్యాంకులోనో, "ఫలానా నెల కిరాయి" అని రాసి పంపండి. ఖాళీ చేసే రోజున గది గదికీ వీడియో తీసుకోండి. పెయింటింగుకని ఒక నెల కోయడం ఇక్కడ రివాజు, అగ్రిమెంటులో ఉంటే సరే, లేకపోతే బేరమాడండి. ప్రైవసీ అడిగినందుకని అడ్వాన్సులో రూపాయి కోయడానికి వీల్లేదు.

ఇప్పుడు ఈ ఆదివారం చేయాల్సింది. ముందు కిందికి వెళ్లి మాట్లాడండి, ఇద్దరూ కలిసి, అంకుల్ కూడా ఉన్నప్పుడు. ఇంత చెప్పినా ఒక మాట ఒప్పుకుంటాను: వరలక్ష్మీ వ్రతానికి పేరంటానికి పిలిచేదీ, ఉగాది పచ్చడి గిన్నెతో తలుపు తట్టేదీ ఇదే ఆంటీ. తలుపు తట్టడానికీ తలుపు తీసుకుని రావడానికీ తేడా ఆవిడకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు. మాట్లాడి పైకి రాగానే ఈ మెసేజీ పెట్టండి, మాట నోటితోనే ఉండిపోకుండా:

"అంకుల్, ఆంటీ, నమస్తే. ఇందాక అనుకున్నట్టు, మేం ఇంట్లో లేనప్పుడు లోపలికి రావద్దని కోరుతున్నాం. రిపేరుకైనా, ఇల్లు చూపించడానికైనా ఒకరోజు ముందు మెసేజీ పెట్టండి, మాలో ఒకరం తప్పకుండా ఉంటాం. ఇల్లు చూసేవాళ్లకు శనివారం సాయంత్రం 5 నుంచి 7, ఆదివారం ఉదయం 10 నుంచి 12 కుదురుతుంది. లీకు, గ్యాసు లాంటి అత్యవసరమైతే ఎప్పుడైనా వెంటనే ఫోన్ చేయండి."

"సరే" అనో, బొటనవేలు గుర్తో వస్తే స్క్రీన్‌షాట్ దాచండి. జవాబు రాకపోయినా పర్లేదు, చదివినట్టు నీలం టిక్కులు చాలు.

తాళం సంగతి. మీ తలుపుకి గొళ్లెం, తాళం కప్ప పద్ధతైతే చర్చే లేదు, మీ సొంత కప్ప వేసుకోండి. తలుపులోనే బిగించిన లాక్ అయితే వడ్రంగిని పిలిచి లోపలి సిలిండరు ఒక్కటే మార్పించండి. పాత సిలిండరు, స్క్రూలతో సహా, ఒక కవర్లో భద్రంగా ఉంచి ఖాళీ చేసే రోజు మళ్లీ బిగించి ఇవ్వండి. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా తిరిగి అప్పగిస్తే అభ్యంతరం చెప్పడానికి ఏమీ మిగలదు. మార్చిన సంగతి దాచకండి, అదే మెసేజీలో ఒక లైను రాయండి.

మారు తాళంచెవి అస్సలు ఇవ్వనంటే గ్యాస్ లీకైన రోజు తలుపు పగలగొట్టాల్సి వస్తుంది, దాని ఖర్చు మీ మీదే పడవచ్చు. నేను చెప్పే పద్ధతి ఇదీ. కొత్త తాళంచెవి ఒకటి కాగితం కవర్లో పెట్టి, జిగురు రాసి అతికించి, మూత మీద అటూ ఇటూ పడేలా మీరిద్దరూ సంతకాలు చేయండి, "అత్యవసరానికి మాత్రమే" అని రాసి ఆంటీ చేతికే ఇవ్వండి. చించితే తెలిసిపోతుంది, ఆ మాట ఆవిడకూ తెలుసు. మూడు నెలలకోసారి పలకరింపుగా వెళ్లినప్పుడు కవరు ఓసారి చూపించమని అడగవచ్చు. నా రెండు పోర్షన్ల కవర్లూ ఇప్పుడు మా దేవుడి గది సొరుగులో ఉన్నాయి, ఒకటి నాలుగేళ్లుగా చించలేదు. సంతకాల పక్కన తేదీ వేయడం మాత్రం మరిచిపోకండి.